రేపటి కూడు, ఈనాటి ప్రార్థన

జవళగిరి చుట్టుపక్కల రాగి కంకి గింజ పట్టే వేళకు బన్నేరుఘట్ట అడవి వైపు నుంచి ఏనుగులు దిగుతాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఇదే వరస. వాన కోసం ఆకాశం చూసి, విత్తి, కలుపు తీసి, పిల్లను సాకినట్టు సాకిన చేనును ఒక మంద ఒక్క రాత్రిలో తొక్కి తిని పోతుంది. అందుకని గట్టున మంచె కట్టుకుని, టార్చిలైట్లు, టపాకాయలు, ఖాళీ డబ్బాలు దగ్గర పెట్టుకుని రాత్రంతా కాపలా కాస్తారు. ఈ పక్క ఒక ఇంటి ప్రార్థనకూటంలో, కొండమీది ప్రసంగంలోని పక్షుల గురించీ అడవిపువ్వుల గురించీ వాక్యం చెప్పడం అయ్యాక, ఒక రైతు లేచి అడిగాడు: "అయ్యగారూ, మేము రాత్రంతా మేలుకొని ఏనుగులను తోలుతాము. దేవుడు కాపాడతాడని నమ్మినోడు ఇంట్లో పండుకోవాల గదా? మేము కాసేది నమ్మకం లేకనా?"

ఆ ప్రశ్న ఒక్క జవళగిరిది కాదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా తెలుగు క్రైస్తవులు దీన్ని రకరకాలుగా అడుగుతూ, రకరకాలుగా బతికి చూపిస్తూ వస్తున్నారు. నరసాపురంలో, చిత్తూరులో, ఒంగోలులో, దోర్నకల్లో, హైదరాబాదులో దొరికిన జవాబులన్నీ ఒకటి కావు. కొన్ని ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి కూడా. వాటిని ఒకచోట పెట్టి చూసిన కొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడింది. దేవుడిమీద ఆధారపడటం ఎవరికి వారు తలుపేసుకుని నేర్చుకోగల విద్య కాదు. ఒకరి అక్కర ఇంకొకరికి తెలిసే చోట, ఒక ఇంటి గిన్నెలోంచి ఇంకో ఇంటి గిన్నెలోకి కొంత పోయే చోట అది అలవడుతుంది. అలాంటి చోటు చూపించకుండా "దేవుడిమీద భారం వేయండి" అని ప్రసంగిస్తే, ఉన్న బరువుకు తోడు పేదవాడి నెత్తిన మరో బరువు పెట్టినట్టే.

రైతు అడిగినదానికి సూటి జవాబు నెహెమ్యా గ్రంథంలో ఉంది. యెరూషలేము గోడ కడుతుండగా శత్రువులు మీదికి వస్తారని తెలిసి ఆ జనం దేవుడికి ప్రార్థన చేశారు, రాత్రింబవళ్లు కాపలా కూడా పెట్టారు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి, మధ్యలో ఏ గొడవా లేదు. 127వ కీర్తన కూడా యెహోవా పట్టణాన్ని కాయకపోతే కావలివాడి మేలుకువ వృథా అంటుందే తప్ప కావలివాడిని ఇంటికి పొమ్మనదు. మంచె మీద మనిషి మేలుకుని ఉండటంలో అవిశ్వాసం ఏమీ లేదు. తన మేలుకువే చేనును కాపాడుతుందనుకుంటే అప్పుడు ఆలోచించాలి. ఏనుగుల కాలం చూసినవాళ్లెవరూ అలా అనుకోరు. పది మంది కాసిన చేను పోయిన రాత్రులు, ఎవరూ లేని చేను మిగిలిన రాత్రులు మన పక్క అందరికీ తెలుసు.

మన్నా సంగతి కొంచెం ఎక్కువసేపు చూడాలి. ఎందుకంటే మన ప్రసంగాల్లో దాన్ని సగంలో ఆపేస్తారు. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఆహారం ఆకాశం నుంచి పడింది నిజమే. కానీ పొద్దున్నే లేచి, బయటికి పోయి, వంగి ఏరుకోవలసింది మనుషులే. ఎండెక్కితే కరిగిపోయేది. రేపటికని దాస్తే పురుగు పట్టేది. విశ్రాంతి దినానికి ముందురోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు. అంటే ముందుచూపును దేవుడు పూర్తిగా కాదనలేదు, దానికొక హద్దు గీశాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాత కొలిచి చూస్తే ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తగ్గలేదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో సరిగ్గా ఈ ముక్కనే ఎత్తుకున్నాడు. ఎందుకు? యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేయడానికి. ఇప్పుడు మీకున్న సమృద్ధి వాళ్ల కొరతను తీర్చాలని ఆయన వాదన. మన్నాను పౌలు చదివిన తీరు ఇది. అనుదినాహారం మీద నమ్మకం పక్కవాడి కంచం దాకా పోవాలి.

ఏలీయా కథలోనూ ఇదే కనిపిస్తుంది. కాకులు రొట్టె తెచ్చిన భాగం పిల్లల పాఠాల్లో ఉంటుంది. వాగు ఎండిపోయాక దేవుడు ఆయన్ను సారెపతుకు పంపాడు. అక్కడ ప్రవక్తను పోషించడానికి ఎంచుకున్నది ఊరి షావుకారును కాదు. తొట్టిలో పిడికెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె మిగిలిన విధవరాలిని. ఏలీయా మౌనంగా కనిపెట్టుకుని కూచోలేదు, నోరు తెరిచి నీళ్లూ రొట్టే అడిగాడు. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉంది.

మన దగ్గర "విశ్వాస సేవ" అని పిలిచే పద్ధతికి మూలం వెతికితే ఒక పళ్ల వైద్యుడి దగ్గరికి వెళతాం. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండులోని ఎక్సెటరులో మంచి రాబడి ఉన్న మనిషి. క్రైస్తవుడు భూమ్మీద కూడబెట్టకూడదనీ, ఉన్నదాన్ని దేవుడి పనికి ఇచ్చేసి రోజురోజుకూ ఆయన మీద ఆనుకోవాలనీ 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, ముందు తానే పాటించాడు. 1829లో బాగ్దాదుకు బయల్దేరాడు. అక్కడ ప్లేగులో భార్య పోయింది. 1833లో మన దేశానికి వచ్చాడు. ఆయన చెల్లెలు మేరీని పెళ్లాడిన జార్జి ముల్లర్ 1830లోనే సంఘం ఇచ్చే జీతం వద్దన్నాడు. 1836లో బ్రిస్టల్లో అనాథ శరణాలయం తెరిచి, అక్కర మనుషులకు చెప్పకుండా దేవుడికే చెప్పి, బతికినంతకాలంలో సుమారు పదివేల మంది పిల్లలను సాకాడు.

ఆ 1836లోనే గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో మద్రాసులో దిగారు. వాళ్లను పంపిన సొసైటీ లేదు, నెలజీతం హామీ లేదు. మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు చేరి పాతుకున్నారు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ఉత్తరం రావడానికే నెలలు పట్టేది. డబ్బు అయిపోయిందని రాసి, దానికి జవాబు వచ్చేలోపు మనిషి బతకాలి కదా. వాళ్ల విశ్వాసాన్ని ఆ దూరంతో కలిపి చూడాలి.

అయితే గ్రోవ్స్ జీవితంలో మన పక్కవాళ్లకు బాగా అర్థమయ్యే అధ్యాయం వేరే ఉంది. ఆయన చిత్తూరులో స్థిరపడి, పౌలు డేరాలు కుట్టినట్టు సేవకుడు చేతిపనితో బతకాలని భూమి తీసుకున్నాడు, పట్టుపురుగులు పెంచాడు. హోసూరు, డెంకణికోట తాలూకాల్లో మల్బరీ తోట ఉన్న ఏ ఇంట్లోనైనా అడగండి. పురుగు నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, గూడు కట్టే ముందు ఒక తెగులు తగిలితే తట్టలకు తట్టలు పారబోయాల్సి వస్తుంది. గ్రోవ్స్‌కు నష్టాలు వచ్చాయి, అప్పులు పడ్డాయి. ఆ అప్పుల బరువు ఆయన్ను ఏళ్ల తరబడి వేధించింది. 1853లో బ్రిస్టల్లో ముల్లర్ ఇంట్లోనే కన్నుమూశాడు. దేవుడిమీద అంతగా ఆధారపడిన మనిషికి వ్యాపారం కలిసిరాలేదు. ఇది మన సాక్ష్యాల కూటాల్లో వినిపించే కథ కాదు. నాకు మాత్రం ముల్లర్ కథ కన్నా ఇదే దగ్గరగా తోస్తుంది. నమ్మకం ఉన్నవాడి పట్టుపురుగు కూడా చస్తుందని చెప్పే కథ మనకు కావాలి. లేకపోతే తోట పోయిన ప్రతివాడూ తన ప్రార్థనలోనే లోపముందని కుమిలిపోతాడు.

ఒంగోలు కథ మరో దారిలో నడిచింది. అమెరికన్ బాప్తిస్టులు 1836లో మొదలుపెట్టిన తెలుగు మిషనును నెల్లూరులో ఏళ్ల తరబడి ఫలితం లేక మూసేద్దామా అని తర్జనభర్జన పడుతున్న కాలం. 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున లైమన్ జువెట్, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఒంగోలు దగ్గరి కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. ఆ సేవకుడు, జాన్ క్లవ్, ఒంగోలు చేరింది 1866లో. కనిపెట్టుకోవడం అంటే ఇక్కడ పన్నెండేళ్లు.

క్లవ్ అసలు భూమి కొలిచే సర్వేయరు. ఆ విద్య 1876-78 కరువులో అక్కరకొచ్చింది. అప్పుడు సేలం జిల్లాలో భాగమైన మన హోసూరు సీమను కూడా ఆ కరువు వదల్లేదు. జనం ఆకులు తిని, ఊళ్లు వదిలి పోతుంటే క్లవ్ ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. పగలు మట్టి మోసినవాళ్లు రాత్రి వాక్యం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని జనం ఎగబడ్డా ఏడాదికి పైగా ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదని, వాళ్ల నమ్మకం వాళ్లదే కావాలని. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. నేనైతే దానికి ముందు ఆగిన నెలలను గొప్పవి అంటాను. ఆకలితో ఉన్నవాడు మనిషిమీద ఆధారపడటాన్ని దేవుడిమీద ఆధారపడటంగా పొరబడకుండా చూడటం ఎంత పెద్ద బాధ్యతో ఆయనకు తెలిసింది.

ఆ కరువులోనే జరిగిన ఇంకో సంగతిని కూడా పక్కన పెట్టి చూడాలి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు కూలికి దినబత్తెం ఒక పౌను ధాన్యం, పైన కాసిన్ని డబ్బులు చాలని తగ్గించాడు. ఎండలో గంపెడు మట్టి మోసే మనిషికి అది చాలదని అప్పటి వైద్యాధికారులే వాదించారు. అనుదినాహారం కోసం దేవుణ్ణి అడిగే ప్రార్థనలో ఆ ఆహారాన్ని తగ్గించినవాణ్ణి నిలదీయడం కూడా ఇమిడి ఉందని నేను నమ్ముతాను. కూలి ఎగ్గొట్టినవాడి దగ్గర ఆ కూలే మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిన పడుతుందనీ యాకోబు పత్రిక 5వ అధ్యాయం అంటుంది కదా. "అన్నీ దేవుడే చూసుకుంటాడు" అని కూలివాళ్లను ఊరుకోబెట్టడానికి వాడే బోధ ఆ అధ్యాయం ముందు నిలవదు.

ఇరవయ్యో శతాబ్దంలో విశ్వాస జీవితం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే పేరు బక్త్ సింగ్. 1903లో పంజాబులో పుట్టి, ఇంజనీరింగు చదువుకు ఇంగ్లండుకూ ఆ తర్వాత కెనడాకూ వెళ్లి, అక్కడ క్రీస్తును నమ్మి, 1933లో బొంబాయిలో దిగాడు. కొత్త నమ్మకాన్ని బయటపెట్టవద్దని కన్నవాళ్లు అడిగారు. ఒప్పుకోలేక వాళ్లను పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆస్తిమీద హక్కు అడగకుండా, ఏ సొసైటీలోనూ చేరకుండా, సొంత పథకాలు వేసుకోకుండా ఏ రోజుకారోజు నడిపింపు కోసం కనిపెట్టుకుని పనిచేశాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘ కేంద్రాలు ఏర్పడ్డాయి. 2000 సెప్టెంబరులో ఆయన హైదరాబాదులోనే కన్నుమూశాడు.

హెబ్రోనులో జరిగిన పరిశుద్ధ సమాజ కూటాలకు వేలమంది వచ్చేవాళ్లు. రోజుల తరబడి అందరికీ భోజనం. రుసుము లేదు, చందా విన్నపం లేదు. ఇంత బియ్యం, ఇంత పప్పు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే అక్కడ పనిచేసినవాళ్లు మోకాళ్లు చూపించేవాళ్లు. నన్ను పట్టుకునేది ఆ డబ్బు వచ్చిన తీరు కాదు, ఆ బంతి. చాపల మీద కులం అడగకుండా కూచుని అందరూ ఒకే అన్నం, ఒకే సాంబారు తిన్నారు. ఊళ్లో ఒక బావి నీళ్లు తాగనివ్వని రోజుల్లో ఆ వరుసలో కూచోవడమే ఒక పాఠం. పక్కవాడి చేతి కూడు తిననివాడు దేవుడి చేతి కూడు తింటున్నానని ఎలా చెప్పగలడు?

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పాలి. చాలాకాలంగా మనసులో ఉన్నది. అక్కరను మనుషులకు చెప్పకుండా ఉండటం ముల్లర్ నుంచి బక్త్ సింగ్ దాకా గొప్ప నియమంగా వచ్చింది. పెద్ద సేవకులకు అది మంచి కాపలా. డబ్బున్నవాళ్ల మెప్పు కోసం వాక్యాన్ని వంచకుండా కాపాడింది. కానీ ముల్లర్ మౌనం పూర్తి మౌనం కాదు. ఏటా ఆయన అచ్చువేసిన నివేదికలను దేశదేశాల్లో చదివారు, శరణాలయం ఉందని లోకానికి తెలుసు. పేరున్నవాడి మౌనం కూడా పదిమందికి వినబడుతుంది. తళి రోడ్డు పక్క గులాబీ తోటల్లో రోజుకూలికి పోయే ఒంటరి ఆడమనిషి మౌనం ఎవరికి వినబడుతుంది? ఆమె "ప్రభువుకే చెప్పుకున్నాను, ఎవరికీ చెప్పలేదు" అని మూడు రోజులు పస్తుంటే అది సాక్ష్యం కాదు, సంఘానికి తగిలిన దెబ్బ. ఆ నియమాన్ని సేవకుల నుంచి తీసి సామాన్య విశ్వాసుల మీద మోపడంలో మనవాళ్లు పొరపాటు చేశారు. దానివల్ల అడగడం సిగ్గయింది, అప్పు మాత్రం మామూలయింది. సంఘంలో వెయ్యి రూపాయలు అడగలేని మనిషి వారంవారం కట్టే గ్రూపు లోను రెండు చోట్ల తీసుకుంటుంది. ఏలీయా అడిగాడు. ప్రభువు సమరయలో బావి దగ్గర నీళ్లు అడిగాడు. అడగడంలో విశ్వాసానికి తక్కువేమీ లేదు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎత్తున నేను దోర్నకల్‌ను పెడతాను. వేదనాయగం సామ్యూల్ అజరయ్య తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు. 1903లో మొదలైన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మన మనుషులతో, మన డబ్బుతోనే సేవ జరగాలని పట్టుపట్టింది. ఆ సొసైటీ తరఫున ఆయన దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళం, తెలుగు, కన్నడం ఒకే సంతలో వినబడే జవళగిరి మనుషులకు ఆయన పరాయివాడు కాడు.

ఆయన దగ్గరికి వచ్చిన సంఘం దాదాపు అంతా మాల మాదిగ పల్లెలది. పొలం లేదు, ఏటి జీతానికి దొర దగ్గర పనిచేసేవాళ్లు. వాళ్లకు ఇవ్వడం నేర్పాలని ఆయన నిశ్చయించుకున్నాడు. పేదలని చెప్పి వాళ్ల కానుకను మన్నించేస్తే వాళ్లను ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగానే ఉంచినట్టని ఆయన ఆలోచన. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యం కడిగే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. పొద్దున ఒక పిడికెడు, మాపున ఒక పిడికెడు. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. ఒక పిడికెడు తగ్గితే ఆ పూట ఎవరో ఒకరు, ఎక్కువసార్లు ఆ ఇల్లాలే, కొంచెం తక్కువ తింటారు. అందుకే దాన్ని తేలిగ్గా చూడకూడదు. కోతకాలం పండుగ వస్తే గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, కొత్త ధాన్యం, కట్టెలమోపులు బలిపీఠం ముందు చేరేవి. ఆ కానుకలతో ఉపదేశుల జీతాలు, బడులు నడిచాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ గుమ్మటాలూ కోవెల స్తంభాలూ కలిసిన కట్టడం. మన నేల వాస్తు అంతా అందులో ఉంది. అది ఏళ్లకేళ్లు కొంచెం కొంచెంగా లేచింది.

ఆ పిడికెడులో ఏముంది? రేపటికి లేకపోయినా ఈరోజుదాంట్లోంచి ఇంకొకరికి తీయగలిగిన చెయ్యి రేపటి భయాన్ని కొంతైనా గెలిచింది. ఎన్ని ప్రసంగాలు విన్నా రాని ధైర్యం ఆ చేతికి రోజుకు రెండు పూటలా సాధనతో వచ్చింది. అది చదువు రాని ఇల్లాలికి అందే సాధన. గదిలో గంటసేపు మోకరించే తీరిక లేని మనిషిది. పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో కర్మెలు మఠం వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్సు గిన్నెలు కడుగుతూ దేవుడి సన్నిధిని అనుభవించాడని లోకమంతా చదువుతుంది. మన పల్లె వంటిళ్లలో ఆ సన్నిధి ఇంకో ఆకలిని తలుచుకుంటూ అలవడింది. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో ప్రారంభించిన బైబిలు మిషనులో దేవుడి సన్నిధిలో మౌనంగా కనిపెట్టుకోవడం నేర్పుతారు, దాని విలువ దానికుంది. కానీ సన్నిధీ పిడికెడూ రెండూ ఉన్న ఇల్లు కావాలి.

జబ్బు దగ్గర ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. మందు మానేసి ప్రార్థనే చాలనుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను ప్రతి ఊరూ చూసింది. దీనికి మన సీమ అంచులోనే మంచి జవాబు ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో తెరుచుకుంది. రకరకాల మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది, నడిపింది డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్. క్షయకు మందే లేని కాలం. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, నెలలకు నెలలు ఓపిక. రోగి చేయగలిగింది మంచం మీద పడుకుని ఎదురుచూడటమే. ఆధారపడటం అంటే ఏమిటో ఆ మంచాల మీద చాలామంది నేర్చుకుని ఉంటారు. వెల్లూరులో 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలకు ఇవాళ కూడా మన పక్కనుంచి జనం పోతారు. ఆపరేషనుకు ముందు అక్కడ ప్రార్థన చేస్తారు, తర్వాత కత్తి పట్టుకుంటారు. ఇంతకుమించి ఈ విషయంలో వాదించవలసింది నాకు కనిపించదు.

ఇప్పటి సంగతికి వద్దాం. జవళగిరి పిల్లలు హోసూరు సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోతున్నారు. నెల చివర పేరు ఉంటుందో తీసేస్తారో తెలియదు. పొలంలో బోరు ఎంత లోతుకు పోతుందో తెలియదు. టమోటా వేసినవాడికి రాయకోట మార్కెట్టులో ఈ వారం పెట్టె ధర ఎంతుంటుందో, కోత కూలి అయినా వస్తుందో రాదో తెలియదు. పాతకాలం వాన, ఏనుగు, తెగులు ఎటూ ఉన్నాయి. ఇలాంటి మనిషి చెవిలో ఈ ఇరవై ముప్పై ఏళ్లుగా టీవీల్లోనూ ఫోన్లలోనూ ఒక బోధ మోగుతోంది. కానుక విత్తనంలాంటిది, వేస్తే నూరంతలు వస్తుంది, రాకపోతే నీ విశ్వాసం చాలలేదు అని. నా మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. ఇది దేవుడిమీద ఆధారపడటం కాదు, దేవుడితో వడ్డీ బేరం. విత్తనం సంగతి రైతుకు తెలుసు. మంచి విత్తనం, మంచి నేల, మంచి మనిషి ఉన్నా పోయిన పంటలు వాడు చూశాడు. వాడి అనుభవాన్ని అబద్ధం చేసి వాడి చేతిలోని చివరి నోటును తీసుకోవడం పాపం. దోర్నకల్ ఇల్లాలు పిడికెడు బియ్యం తీసినప్పుడు తిరిగి బస్తా వస్తుందని తీయలేదు.

సంఘాలను పిలిచి అడగాల్సిన మరో మాట సాక్ష్యాల గురించి. వచ్చిన ఉద్యోగం, దొరికిన వీసా, తగ్గిన జబ్బు వేదిక ఎక్కుతాయి. పోయిన పంట, మూతపడిన షెడ్డు, ప్రార్థన చేసినా దక్కని బిడ్డ బెంచీలోనే కూచుంటాయి. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు, తీయలేదు. ఒంగోలు కరువులో ప్రార్థన చేసినవాళ్లు కూడా చనిపోయారు. బాగ్దాదులో గ్రోవ్స్ భార్య చనిపోయింది. దీనికి వివరణ నా దగ్గర లేదు, ఎవరైనా సులువుగా ఇస్తే నేను నమ్మను. అయితే ఆ మనుషులు ఆ తర్వాత కూడా ప్రార్థన మానలేదు, పని మానలేదు. పోగొట్టుకున్నవాడికి కూడా మైకు ఇచ్చే సంఘంలో పిల్లలు అసలైన నమ్మకాన్ని చూస్తారు. గెలిచినవాళ్ల మాటలే విని పెరిగిన పిల్ల మొదటి దెబ్బకే గుడి మానేస్తుంది.

చేయగలిగిన పని మాత్రం చిన్నది, దగ్గరిది. ఏనుగులు చేను తొక్కితే అటవీశాఖకు నష్టపరిహారం దరఖాస్తు పెట్టాలి. ఫోటోలు, పట్టా కాగితం, గ్రామాధికారి (వీఏఓ) సంతకం కావాలి. తమిళంలో రాయాలి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ముసలి రైతు ఆ కాగితం పట్టుకుని డెంకణికోటకు నాలుగుసార్లు తిరిగి మానేస్తాడు. బడికిపోయిన విశ్వాసి ఒకడు ఆ దరఖాస్తు రాసిస్తే, పక్క పొలంవాడు వంతుకు మంచె ఎక్కి అతణ్ణి ఒక్క రాత్రి నిద్రపోనిస్తే, ఆదివారం పిడికెడు రాగిపిండి ఆ ఇంటికి చేరితే, "దేవుడు చూసుకుంటాడు" అన్న మాటను అతను నమ్మగలడు. చాలా సంఘాల్లో కానుకల లెక్కకు పుస్తకం ఉంది, అక్కరల లెక్కకు లేదు. ఎవరి ఇంట్లో ఏం తక్కువైందో, ఎవరు ఏం చేశారో, ఏది ఇంకా మిగిలిందో రాసే పుస్తకం ఒకటి ప్రతి సంఘానికీ ఉండాలి. నెలకోసారి ప్రార్థనకు ముందు దాన్ని తెరవాలి. ఆ పుస్తకాన్ని పెద్దల చేతికి ఇవ్వకుండా స్త్రీల సమాజానికి అప్పజెప్పమంటాను. ఏ ఇంట్లో పొయ్యి రాజేయలేదో ముందు తెలిసేది వాళ్లకే.